ఒకే గాటన

కాలమ్ రాసేవాడికి "మనవాళ్ళు" అన్న మాట లేకపోతే పూట గడవదు. మనవాళ్ళు క్యూలో నిలబడరు, మనవాళ్ళకు పిల్లలంటే ఇంజనీర్లే, గోదావరి వాళ్ళకు వెటకారమెక్కువ, సీమవాళ్ళకు కోపమెక్కువ. రాయలసీమ అనగానే వేటకొడవళ్ళు, గాల్లోకి లేచే సుమోలు గుర్తుకు రావడం సినిమావాళ్ళ పుణ్యం. ఇలా గంపగుత్తగా మాట్లాడటం పాపమనీ, మనిషిని మనిషిగానే చూడాలనీ చెప్పే పెద్దలున్నారు. ఆ మాటలో మర్యాద ఉంది. కానీ దాన్ని అక్షరాలా పాటిస్తే సమాజం గురించి ఒక్క పేరా కూడా రాయలేం. నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిన తరాల ఎముకలు వంగిపోయాయన్నది కూడా జనం గురించి చేసిన సాధారణీకరణే. అది చేయకుండా ఒక్కొక్క రోగినీ విడివిడిగా చూస్తూ కూర్చుంటే నీటివైపు ఎవరి దృష్టీ పోయేది కాదు. కాబట్టి గాటన కట్టాలా వద్దా అన్న ప్రశ్న దండగ. కట్టినదాన్ని విప్పే వీలుందా, "ఇది తప్పు" అని చూపించడానికి ఎవరికైనా దారి మిగిల్చామా అన్నదే అసలు పరీక్ష అని నా వాదన.

ఆ దారిని పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో తెలుగునేల కళ్ళారా చూసింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాది ప్రాంతాలకే పరిమితమైన ఆ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఫలానా జాతి నేరాలకు అలవాటు పడిందని ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే చాలు. ఆ జాతిలో పుట్టినవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కుతాయి, వేలిముద్రలు తీసుకుంటారు, చెప్పిన వేళకు వచ్చి హాజరు వేయించుకోవాలి. ఆ నోటిఫికేషన్ చెల్లుతుందా లేదా అని ఏ కోర్టూ ప్రశ్నించరాదని చట్టంలోనే రాసిపెట్టారు. అన్నిటికన్నా భయంకరమైన వాక్యం అదేనని నాకనిపిస్తుంది. ఎరుకలవాళ్ళు ఆ జాబితాలోకి వెళ్ళారు. 1913లో ఇప్పటి బాపట్ల జిల్లాలో, వాళ్ళను ఉంచడానికి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపిన సెటిల్మెంట్ ఒకటి వెలిసింది. గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువార్ట్ పేరు మీద దాన్ని స్టువార్టుపురం అన్నారు. ఆ సెటిల్మెంటువాళ్ళు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. జాతి స్వభావాన్ని సంస్కరించే పనిలో చౌక కూలీలు దొరకడం కేవలం యాదృచ్ఛికం అనుకునేంత అమాయకత్వం ఈ వయసులో నాకు లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటేయకూడదు. దొంగతనాలు జరగలేదా, కొన్ని కుటుంబాలకు అదే బతుకుతెరువు కాలేదా అని. జరిగాయి, అయింది. అయినా లెక్క చూడండి. వాదన కోసం ఒక ఊళ్ళో 5,000 మంది, పక్క పేటలో 200 మంది ఉన్నారనుకుందాం. ఊళ్ళో 100 మందికి 1 దొంగ, పేటలో ఏకంగా 5 మంది. అంటే పేటలో దొంగలు 10 మంది, ఊళ్ళో 50 మంది. "పేటవాళ్ళు దొంగలు" అన్న సూత్రం పట్టుకున్న పోలీసు 190 మంది నిర్దోషుల్ని రోజూ స్టేషను చుట్టూ తిప్పుతాడు, 50 మంది దొంగల్ని వదిలేస్తాడు. వెతికిన చోటే దొరుకుతారు కాబట్టి ఏడాది తిరిగేసరికి రికార్డులు కూడా అతని మాటే నిజమంటాయి. పైగా ఆ చట్టం కింద హాజరుకు రాకపోవడమే ఒక నేరం. జ్వరమొచ్చి పడుకున్నా, చుట్టాల చావుకు చెప్పకుండా వెళ్ళినా కేసే. నేరస్థులని ముందే అన్నారు, ఆ తర్వాత ఆ మాటకు కావలసిన సాక్ష్యాన్ని చట్టమే తయారుచేసి పెట్టింది.

మరి ఈ అబద్ధాన్ని ఓడించింది ఏది? "ఎవరి సంగతి వారిదే, ఎరుకలవాళ్ళంటూ ఎవరూ లేరు" అన్న వాదన మాత్రం కాదు. అంతకన్నా మెరుగైన మరో సాధారణీకరణ. ఉప్పు ఎరుకలని పేరే ఉన్నవాళ్ళు కోస్తా నుంచి ఉప్పును, మెట్టసీమల నుంచి ధాన్యాన్ని గాడిదల మీద, ఎద్దుల మీద మోసి బతికారు. ప్రభుత్వం ఉప్పును గుప్పిట పెట్టుకోవడం, రైళ్ళు రావడం ఆ వ్యాపారం నడుము విరిచాయి. అడవి చట్టాలు పశువుల మేతకూ గంపలల్లే వెదురుకూ అడ్డు తగిలాయి. మీనా రాధాకృష్ణ వంటి చరిత్రకారులు ఈ సంగతిని వివరంగా రాశారు. ఇదీ ఒక జనసమూహం మొత్తం గురించి చెప్పిన మాటే. తేడా ఏమిటంటే, నెత్తురులో ఏముందో చెప్పడానికి రుజువు అక్కర్లేదు, ఏ దారి ఎప్పుడు మూసుకుపోయిందో చెప్పాలంటే రుజువు కావాలి. రైలు ఫలానా ఏట రాలేదని ఎవరైనా చూపిస్తే ఆ వాదన కూలిపోతుంది, కూలిపోవాలి కూడా. నెల్లూరు జిల్లాకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల మధ్య జీవితమంతా పనిచేసి, ఆ చట్టం మీద పోరాడింది కూడా ఇలాంటి సమష్టి వాదనతోనే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది.

అయితే రిజర్వేషన్ కూడా గాటన కట్టడమే కదా, కలెక్టరు కొడుకునూ కూలీ కొడుకునూ ఒకే సర్టిఫికెట్ కింద చేర్చడమే కదా అని అడిగేవాళ్ళున్నారు. అవును, అదీ అదే జాతి పని, దాని లోపాలూ దానికున్నాయి. కానీ దాన్ని ప్రశ్నించవచ్చు, ప్రశ్నించారు కూడా. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం అడిగింది సరిగ్గా ఇదే: షెడ్యూల్డు కులాలన్నీ ఒకటేనా, వాటాలు అందరికీ సమానంగా అందుతున్నాయా? 2004లో చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు ఆ కులాలన్నీ ఒకే తరగతని చెప్పి, వాటి మధ్య వాటాలను విడగొట్టే వర్గీకరణను కొట్టేసింది. ఇరవై ఏళ్ళకు, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో ఆ మాటను తోసిపుచ్చింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ఆ కులాలను మూడు గ్రూపులు చేసి వర్గీకరణను అమల్లోకి తెచ్చింది. ఆ మూడు గ్రూపుల గీతలు సరిగ్గా గీశారా అన్న తగవు ఇంకా ఉంది, ఉండనివ్వండి. లెక్కలు తెచ్చి గాటను విప్పి మళ్ళీ కట్టడానికి ముప్పయ్యేళ్ళు పట్టింది. నేరస్థ జాతుల చట్టం కింద మూడొందలేళ్ళయినా కుదిరేది కాదు, ఎందుకంటే అక్కడ వినే కోర్టే లేదు.

దీన్నుంచి రాసేవాళ్ళకు ఒక పని తేలుతుంది. "సీమవాళ్ళు" అని రాసినప్పుడు ఏ తాలూకా, ఏ కాలం, ఎంతమంది, ఏ కారణం అని ఎవరైనా అడిగితే జవాబుండాలి. లేదంటే ఆ వాక్యం కొట్టేయాలి, వారం వారం కొట్టేయాల్సినవి చాలానే ఉంటాయి. జవాబున్న వాక్యానికి కూడా ఒక హద్దుంది. లక్షమందికి నీటి పథకం వేయడానికి పనికొచ్చే మాట, అద్దెకు ఇల్లడగడానికి గుమ్మంలో నిలబడ్డ ఒక్క మనిషి గురించి తీర్పు చెప్పడానికి పనికిరాదు. అక్కడ అతన్నే అడగాలి.

ఇదంతా పాతకాలపు గొడవ అనుకునేవారికి ఒక్క సంగతి. జైళ్ళలో కులాన్ని బట్టి పనులు పంచకూడదని 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఒకప్పుడు నేరస్థ జాతుల చట్టం జాబితాలో ఉన్న విముక్త జాతులవాళ్ళను పుట్టుకను బట్టి అలవాటైన నేరస్థులుగా చూడరాదని అదే తీర్పులో చెప్పాల్సి వచ్చింది. చట్టం రద్దయిన డెబ్బై రెండేళ్ళకు కూడా కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో ఆ పాత మాటలు అలాగే ఉన్నాయి.