గాట్స్‌బీ రాసుకోని ప్రశ్న

'ద గ్రేట్ గాట్స్‌బీ' గురించి మాట్లాడుకునేటప్పుడు అందరం ఆ పచ్చ దీపం దగ్గరే ఆగిపోతాం. నన్ను మాత్రం ప్రతిసారీ ఆపేది చివరి అధ్యాయంలోని ఒక కాగితం. గాట్స్‌బీ చనిపోయాక అతని తండ్రి ఒక పాత పుస్తకం తీసి నిక్‌కి చూపిస్తాడు. దాని చివరి ఖాళీ పేజీలో, 1906 సెప్టెంబర్ 12 అని తేదీ వేసి, కుర్రాడు జేమ్స్ గాట్జ్ రాసుకున్న దినచర్య ఉంటుంది. ఆరింటికి లేవడం, డంబెల్స్, విద్యుత్తు గురించి చదువు, పని, బేస్‌బాల్, చక్కగా మాట్లాడే సాధన, రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా కొత్తగా కనిపెట్టాల్సిన వాటి మీద అధ్యయనం. కింద కొన్ని తీర్మానాలు. కొడుకు ఎంత ఎత్తుకి ఎదగాల్సినవాడో చెప్పడానికి ఆ తండ్రికి అదే సాక్ష్యం.

ఈ పట్టిక తాతముత్తాతలు బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆత్మకథలో ఉన్నారని విమర్శకులు ఎప్పుడో చెప్పారు. విజయసూత్రాల మీద ఫిట్జెరాల్డ్ వేసిన చురకగానే దీన్ని చదవడం అలవాటు. నాకు ఆసక్తి ఉన్నది ఫ్రాంక్లిన్ నుంచి గాట్జ్ తీసుకున్నదాంట్లో కాదు, వదిలేసినదాంట్లో.

ఫ్రాంక్లిన్ 13 సుగుణాలు ఎంచుకుని, వారానికొకదాని మీద దృష్టి పెట్టి, తప్పు జరిగిన చోట చిన్న పుస్తకంలో నల్ల చుక్క పెట్టేవాడు. 13 వారాలకో చుట్టు, ఏడాదికి నాలుగు చుట్లు. కానీ అతని దినచర్యకి రెండు కొసల్లోనూ ప్రశ్నలున్నాయి. పొద్దున్న ఇవాళ చేయబోయే మంచి గురించి, రాత్రి చేసిన మంచి గురించి. సాయంత్రం వేళలో భోజనం, సంగీతం, కబుర్లతో పాటు రోజుని పరిశీలించుకోవడానికీ చోటుంది. అంతకన్నా ముఖ్యం, ఆ జాబితా కూడా మారింది. మొదట రాసుకున్నవి 12. నీకు గర్వం ఎక్కువని ఒక క్వేకర్ స్నేహితుడు మొహమాటం లేకుండా చెప్పాక 'వినయం' పదమూడోదిగా చేరింది.

1923లో డి.హెచ్. లారెన్స్ ఈ జాబితాని ఏకిపారేశాడు. మనిషిని కంచె వేసిన దొడ్డిలా చూస్తున్నాడని అతని కోపం. కొంత న్యాయమే. అయితే ఫ్రాంక్లిన్ ఈ భాగం రాసింది 1784లో, 78 ఏళ్ల వయసులో. అప్పటికి తన పథకాన్ని చూసి తనే నవ్వుకోగలుగుతున్నాడు. గొడ్డలి మొత్తం తళతళలాడాలని చక్రం తిప్పీ తిప్పీ అలిసిపోయి, మచ్చలున్నదే బావుందని పట్టుకుపోయినవాడి కథ చెబుతాడు. క్రమపద్ధతి తనకి చివరిదాకా రాలేదనీ, గర్వాన్ని గెలిచానని అనుకున్నా ఆ వినయానికి మళ్ళీ గర్వపడతాననీ ఒప్పుకుంటాడు. లారెన్స్‌కి ఈ నవ్వు వినపడలేదనిపిస్తుంది.

గాట్జ్ పట్టికలో రాత్రి తొమ్మిదితో రోజు అయిపోతుంది. ప్రశ్న లేదు. ఆగి చూసుకున్న జాడ ఒక్కటే ఉంది. వారానికి ఐదు డాలర్లు దాచాలని రాసి, కొట్టేసి, మూడు చేశాడు. ఆ కొట్టివేతలో ఒక పిల్లాడు తన పరిస్థితిని నిజాయితీగా చూసుకున్నాడు. పెద్దయ్యాక అలాంటి కొట్టివేత మళ్ళీ కనపడదు. భవనం, విందులు, చొక్కాలు, అన్నీ ఒకే గురి వైపు. ఐదో అధ్యాయంలో, డెయిజీ అతని కలకి అందని క్షణాలు ఆ మధ్యాహ్నం కూడా ఉండే ఉంటాయని అనుమానించేది నిక్. గాట్స్‌బీ కాదు. గతాన్ని అంతగా ప్రేమించినవాడు దాన్ని మళ్ళీ తెచ్చుకోవాలనుకున్నాడే గానీ పరిశీలించలేదు. ఆ రాత్రి లెక్క చివరికి నిక్ చూడాల్సొచ్చింది. ఆ లెక్కే ఈ నవల.

తనని తాను ప్రశ్నించుకునే గాట్స్‌బీ అయితే ఈ నవలే ఉండదు కదా అని మీరనొచ్చు. నిజమే. అతని ఆకర్షణంతా ఆ గుడ్డి నమ్మకంలోనే ఉంది. కానీ నవలకి పనికొచ్చేదల్లా బతుక్కి పనికిరాదు. ఇవాళ మన ఫోన్లలోని హ్యాబిట్ ట్రాకర్లు ఫ్రాంక్లిన్ చుక్కల్ని తిరగేసి పచ్చ టిక్కులు చేశాయి. ఎన్ని రోజులు వరసగా చేశామో లెక్కపెడతాయి. ఇది నాకింకా కావాలా అన్న ప్రశ్నకి ఏ గడీ ఉండదు. వారానికొకసారైనా ఆ గడీ మనమే గీసుకోవాలి. ఐదుని కొట్టేసి మూడు రాసుకోవడానికీ, కొన్నిసార్లు ఆ వాక్యాన్నే కొట్టేయడానికీ.