దిగే మెట్ల మీద ఎక్కిన పంతులమ్మ

పంతులమ్మల మీద రాసిన నవలలంటే నాకు చచ్చే భయం. మొదటి పేజీలో క్లాసు కుక్కలు చింపిన విస్తరిలా వుంటుంది. చివరి పేజీ కొచ్చేసరికి ఆ క్లాసులోకల్లా రౌడీ పిల్లాడు లేచి, కళ్ళనీళ్ళతో టీచరుకి దణ్ణం పెడతాడు. మనం కూడా ఓసారి ముక్కు చీదుకుని, "ఎంత మంచి టీచరో!" అనుకుని, పొయ్యిమీద పప్పు చూసుకోడానికి లేస్తాం.

బెల్ కాఫ్‌మన్ రాసిన 'అప్ ది డౌన్ స్టెయిర్‌కేస్' కూడా ఆ బాపతే అనుకుని చాలా కాలం ముట్టుకోలేదు. 1965 లో అమెరికాలో విరగబడి కొన్నారట దాన్ని. 1967 లో సినిమా కూడా తీశారు. రచయిత్రి న్యూయార్కు స్కూళ్ళలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పినావిడ. యిద్దిష్ కథకుడు షోలెమ్ అలైకెమ్‌కి మనవరాలు. 103 ఏళ్ళు బతికి 2014 లో పోయారు.

దిగడానికి పెట్టిన మెట్ల మీదుగా ఎక్కడమే అక్కడ పిల్లలు చేసే నేరం. ఆ నేరం తాలూకు చీటీలోంచే పేరొచ్చింది పుస్తకానికి. నవలలో మామూలుగా కథ చెప్పుకుపోయే గొంతు లేదు. ఆఫీసు సర్క్యులర్లు, పిల్లలు డబ్బాలో వేసిన చీటీలు, కొత్త టీచరు సిల్వియా బారెట్ తన స్నేహితురాలికి రాసే ఉత్తరాలు... ఆ కాగితాల గుట్టలోంచే మనుషుల్ని ఏరుకోవాలి. సగం పుస్తకం పొట్ట చెక్కలయ్యేలా నవ్విస్తుంది. ఆ నవ్వుల మధ్యలోనే జో ఫెరోన్ వస్తాడు.

తెలివైనవాడు, మొండివాడు, చదువు మానేయడానికి సిద్ధంగా వున్నవాడు. వీణ్ణి ఎలాగైనా ఒడ్డున పడెయ్యాలని సిల్వియా పట్టుదల. స్కూలయ్యాక వచ్చి మాట్లాడమని పదే పదే అడుగుతుంది. చివరికి ఒకరోజు వస్తాడు. ఖాళీ క్లాసురూము. ఆమె దయకి వాడు వేరే అర్థం తీసుకుని మీది కొస్తాడు. అంతలోనే పారిపోతాడు.

ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాడు చేసుకున్న అర్థం తప్పే, సందేహం లేదు. కానీ ఈవిడకి తననుంచి ఏదో కావాలన్న అనుమానం మాత్రం పూర్తిగా తప్పంటారా? ఆవిడకీ ఒకటి కావాలి. "మీవల్లే బాగుపడ్డాను టీచర్" అన్న మాట. ఆ ఆకలి పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఇది పుస్తకం చూసి చెప్పడం లేదు. బి.ఏ. పాసై, నవలలు రాయడం ఇంకా మొదలుపెట్టక ముందు, ఒక చిన్న స్కూల్లో రెండేళ్ళు పాఠాలు చెప్పాను. తొమ్మిదో క్లాసులో ఓ పిల్ల. తండ్రి తాగుడు, తల్లి పుట్టింట్లో. సాయంత్రాలు మా ఇంటికి రమ్మన్నాను. అన్నం పెట్టాను, లెక్కలు చెప్పాను, జడ వేశాను. "నీకేం భయం, నేనున్నానుగా" అన్నాను. ఆ మాట అంటుంటే నాకెంత గొప్పగా వుండేదో! ఆ పిల్ల నమ్మింది. రోజూ వచ్చేది, ఆదివారాలూ వచ్చేది, చీకటి పడ్డాకా వచ్చేది. ఒకరోజు మా బాబుకి జ్వరం. వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడైతే విసుగొచ్చి, "నేను లేనని చెప్పండత్తయ్యా" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. వసారాలోకి వినిపించింది.

మర్నాడు క్లాసులో నా మొహం చూడలేదు. నెల తిరక్కుండా స్కూలు మానేసింది. ఒక తండ్రి మోసం చాలదన్నట్టు, నమ్మించి మరీ నేనింకొకటి చేశాను.

మరి అసలు పట్టించుకోకపోతే? దానికీ కాఫ్‌మన్ జవాబు పెట్టింది. పాల్ బారింజర్ అని ఇంకో టీచరు, కవిగారు. ఆలిస్ అనే పిల్ల తనకి రాసిన ప్రేమలేఖని కాంపోజిషన్‌లా తప్పులు దిద్ది తిరిగిస్తాడు. ఆ పిల్ల కిటికీలోంచి దూకుతుంది. హద్దు దాటిన దయా, హద్దు వెనక దాక్కున్న మర్యాదా, రెండూ ఒక్క పుస్తకంలో పక్కపక్కనే వున్నాయి. నవల గొప్పతనం అదే.

పేచీ ఎక్కడంటే, చివర్లో. ఎవరికీ పట్టని హోసే రోడ్రిగెజ్ అనే కుర్రాడు, క్లాసులో ఆడిన ఉత్తుత్తి కోర్టులో జడ్జి వేషం కట్టి, ఒక్కసారిగా మనిషౌతాడు. ఇంకో చోటికి వెళ్ళిపోదామనుకున్న సిల్వియా ఆగిపోతుంది. బాగానే వుంది. కానీ ఫెరోన్ తగిలించిన దెబ్బకి హోసేని కట్టులా చుట్టేసినట్టనిపించింది నాకు. ఒక పిల్లాడు నెగ్గినంత మాత్రాన ఇంకో పిల్లాడి లెక్క కొట్టేస్తామా?

అయినా రచయిత్రి తెలిసి చెప్పిందో తెలియక చెప్పిందో గానీ, ఒక నిజం అక్కడే వుంది. వెంటపడినవాడు పారిపోయాడు. చేతికో చిన్న పని ఇచ్చి వదిలేసినవాడు నిలబడ్డాడు. హోసేకి ఆవిడ తన ప్రాణం ఇవ్వలేదు, ఒక కుర్చీ ఇచ్చింది.

మా ఆడపడుచు కూతురు ఈమధ్యే టీచరుగా చేరింది. పుస్తకం దాని చేతిలో పెట్టి ఒక్కటే చెప్పాను: "ఎవరితోనూ 'నేనున్నానుగా' అనకే తల్లీ. 'రేపు నాలుగున్నర దాకా వుంటాను, రా' అను. అన్నాక వుండు."