ఉన్నది ఉన్నట్టు

నా కారు లెక్కలో తెలంగాణ ఇంకా ఏర్పడలేదు. దుర్గం చెరువు మీద తీగల వంతెనా లేదు. ఆ వంతెన తెరిచింది 2020 సెప్టెంబరులో, కారులో ఉన్న మ్యాపేమో 2011 నాటిది. అందుకని మాదాపూర్ నుంచి జూబ్లీహిల్స్ వైపు దాటినప్పుడల్లా తెర మీద నా బాణం గుర్తు రోడ్డు వదిలేసి నీలంరంగు నీళ్లలోకి దిగుతుంది. ఈదుకుంటూ పోయి అవతలి గట్టున తేలుతుంది. కొత్తగా ఎక్కినవాళ్లు కంగారుపడతారు. మా ఆవిడ మాత్రం "ఈత వచ్చిన కారు కొన్నారు, ఇంకేం కావాలి" అంటుంది.

ఈ మ్యాపునీ, దానితోపాటు ఓ పరాయి మనిషి పాటల పెట్టెనీ దక్కించుకోవడానికి నేను పడ్డ పాట్లే ఈ వారం కబురు.

కారు సెకండ్‌హ్యాండ్. జర్మన్ కంపెనీది, పేరు అనవసరం. మొదటి యజమాని గుంటూరులో ఒక డాక్టరుగారు. ఆ రోజుల్లో ఖరీదైన కార్ల డాష్‌బోర్డు లోపల, అచ్చం ల్యాప్‌టాప్‌లో ఉండేలాంటి రెండున్నర అంగుళాల హార్డ్‌డిస్కు ఒకటి పెట్టేవారు. మ్యాపులూ, కారు తెర నడిచే సాఫ్ట్‌వేరూ అందులోనే. మిగిలిన కాస్త చోటు పాటలకి. సీడీ పెడితే కారు దాన్ని వినిపిస్తూనే తనలోకి ఎక్కించేసుకునేది. డాక్టరుగారు అలా నూటనలభై సీడీలు ఎక్కించి, వాటితో సహా కారు అమ్మేశారు. సీడీ పేరు గుర్తుపట్టే డేటాబేసు ఒకటి లోపల ఉంది గానీ మన సీడీలు దానికి తెలియవు. ఘంటసాలైనా, బాలమురళీకృష్ణైనా, పిల్లల ఎక్కాలైనా దాని దృష్టిలో ఒకటే: అన్‌నోన్ ఆర్టిస్ట్, ట్రాక్ 01.

వింటే తప్ప తెలియదు కాబట్టి విన్నాను. రెండేళ్లు పట్టింది. ఎక్కించిన వరసలోనే ఉన్నాయి అన్నీ. మొదట సుశీల పాటలు, ఆ తర్వాత ఇంగ్లిష్ రైమ్స్, ఎక్కాలు, స్పోకెన్ ఇంగ్లిష్, కోచింగ్ సెంటరువాళ్లు పంచినట్టున్న స్ఫూర్తి ప్రసంగం, చివర్న చెవులు చిల్లులుపడే గిటారు మోతలు. అంటే ఆ ఇంట్లో ఓ పిల్లాడు నా కళ్ల ముందే పెద్దవాడయ్యాడు. మధ్యలో ఆరు భాగాల గజేంద్రమోక్షం ప్రవచనం. నాలుగో భాగంలో మొసలి కాలు పట్టుకోగానే పంతులుగారి గొంతు తడబడుతుంది. "మక... మక... మక..." అని ఓ గెంతు గెంతి, ఏనుగు అలసిపోయిన చోట మళ్లీ అందుకుంటుంది. డిస్కుకి జబ్బు చేస్తోందని నాకు మొదట అనుమానం వచ్చింది అక్కడే.

ఆ అనుమానం ఏడాది తిరిగేసరికి నిజమైంది. మ్యాపు తెరుచుకోవడానికి నిమిషం పట్టేది. పాట మార్చబోతే తెర బిగుసుకుపోయేది. ఇంజను ఆపి చెవి పెడితే లోపల గోడగడియారంలా టిక్కు, టిక్కు. సర్వీసు సెంటరులో పెట్టె మొత్తం మార్చాలన్నారు. లక్షా ఎనభై వేలు. "మరి అందులో ఉన్న పాటలో?" అని అడిగాను. కౌంటరు మీద అబ్బాయి నా వంక జాలిగా చూసి, "సార్, ఇప్పుడు అందరూ ఫోన్లోనే వింటున్నారు కదా" అన్నాడు.

నిజమే. నేనూ ఫోన్లోనే వింటాను. కానీ ఆ నూటనలభై సీడీలు ఫోన్లో లేవు, ఆ వరసలో అసలే లేవు.

సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గరి సీటీసీ తెలిసినవాళ్లకి తెలుసు, ఆ చినాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కితే కంప్యూటరు లోకంలో దొరకని జబ్బూ లేదు, మందూ లేదు. పోయిన డిస్కుల్లోంచి పెళ్లి ఫొటోలు వెలికితీసే ఒకాయన దగ్గరికి పోయాను. డిస్కు ఇంకా కారులోనే ఉందంటే, తీసుకుని రమ్మన్నారు. "ఇంక పాణం ఉన్నప్పుడే తేవాలె సార్. పోయినంక తెస్తే నేను గూడ ఏం జెయ్యలేను."

తీయడం ఒక ఆదివారం పని. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి పక్కకి పెట్టాను. ఏసీ గాలి వచ్చే జాలీలు ప్లాస్టిక్ పలుగుతో మెల్లగా లేపాలి. ఇనుప స్క్రూడ్రైవరు వాడితే ఆ గాటు మీరు కారు అమ్మేదాకా మిమ్మల్ని చూస్తూనే ఉంటుంది. నాకో గాటు ఉంది. లోపల నక్షత్రం తల స్క్రూలు నాలుగు, అవి విప్పితే పెట్టె ఒళ్లోకి జారుతుంది. దాని వెనక ఉన్న తీగల్లో ఒకటి రాగిది కాదు. ప్లాస్టిక్ నార, అందులో ఎర్రటి వెలుగు పరిగెడుతుంది. పాటలు, మాటలు స్పీకర్ల వైపు పోయేది ఆ వెలుగు మీదే. మామూలు వైరులా మడిస్తే వెలుగు మలుపు తిరగలేక అక్కడే కారిపోతుంది, కారు మూగదవుతుంది. 25 మిల్లీమీటర్ల కన్నా చిన్న వంపు పెట్టకూడదు. దాన్ని పసిపిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, డిస్కు ఉన్న గూడు బయటికి లాగాను. చుట్టూ రబ్బరు దిమ్మలు, గుంతల్లో పడ్డప్పుడు అదురు తగలకుండా.

డిస్కు 80 జీబీ. నిమిషానికి 4,200 చుట్లు తిరుగుతుంది. లోపల ఆ పళ్లెం మీద చదివే తల, పళ్లేన్ని తాకకుండా, వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేని ఎత్తులో గాలి పొర మీద తేలుతుంది. గాలి పలచబడితే తల పళ్లెం మీద పడుతుంది. అందుకే మామూలు డిస్కుల్ని 3,000 మీటర్ల ఎత్తు దాటి వాడొద్దంటారు. లేహ్ ఊరే అంతకన్నా ఎత్తు. కార్ల కోసం చేసే డిస్కుల్ని 5,000 మీటర్లు దాటినా, మైనస్ 30 డిగ్రీల నుంచి 85 డిగ్రీల దాకా పనిచేసేట్టు తయారుచేస్తారు. ఇదంతా ముందే చదువుకుని ఉంటే నాకు ఓ వేసవి కలిసొచ్చేది.

సీటీసీ ఆయన మొదట చేసిన పని డిస్కు మీద చెయ్యి పెట్టి వేడి చూడటం. అచ్చం జ్వరం చూసినట్టే. తర్వాత ఓ చిన్న ఫ్యాను దాని వైపు తిప్పి, డీడీ రెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు నడిపారు. 80 జీబీ డిస్కు అంటే 15,63,01,488 గదులు, గదికి 512 బైట్లు. మనం మామూలుగా ఫైళ్లు కాపీ చేస్తే మొదటి పాడైన గది తలుపు దగ్గరే మొండికేసి కూర్చుంటుంది, ఆ కొట్టుకోవడంలో డిస్కు చచ్చిపోవచ్చు. ఇది అలా కాదు. పరీక్ష హాల్లో తెలివైన పిల్లాడిలా ముందు వచ్చిన జవాబులన్నీ రాసేస్తుంది. రానివి వదిలేసి, ఎక్కడెక్కడ వదిలిందో ఓ చీటీ మీద రాసుకుని, చివర్న తిరిగొచ్చి ఒక్కోటీ ప్రయత్నిస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఆ చీటీ చూసుకుని ఆగిన చోటు నుంచే మొదలుపెడుతుంది.

కొన్ని కార్లలో డిస్కుకి తాళం కూడా ఉంటుందట, ఆ కారు పెట్టెకి తప్ప ఎవరికీ తెరుచుకోదు. నాది తాళం లేనిది, అదృష్టం.

మూడు రోజుల తర్వాత ఫోన్ చేశారు. "88 తప్ప అన్నీ వచ్చినయ్ సార్."

పదిహేను కోట్లలో ఎనభై ఎనిమిది! లెక్క వేశాను. 45 వేల బైట్లు. పాటలో అయితే మూడు సెకన్ల లోపే. నాకు వెంటనే మొసలి గుర్తొచ్చింది. ఆ 88 గదులు ఎక్కడున్నాయో ఇంక చెప్పక్కర్లేదనుకున్నాను.

కడపలో బ్రౌన్ దొర పండితులకి జీతాలిచ్చి తాళపత్రాలు నకలు రాయించేవాడు. ఒకే కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో జారిన మాటని ఇంకోదాంట్లోంచి పట్టేవారు. పాత లేఖకులైతే ప్రతి చివర ఒక క్షమాపణ రాసుకునేవారు, చూసింది చూసినట్టు రాశాను, తప్పు నాది కాదు అని. నా దగ్గర ఉన్నది ఒకే ప్రతి. సరిచూసుకోవడానికి రెండోది లేదు.

ఇక అసలు నా తెలివితక్కువ పని. తీసిన నకలుని ఎక్కించడానికి ఇంట్లో పాత ల్యాప్‌టాప్ డిస్కు ఒకటి పడుంది. సైజు అదే, సూదులు అవే 44. పైసా ఖర్చు లేదు. సీటీసీ ఆయన పెదవి విరిచినా వినలేదు. డిసెంబరులో పెట్టాను, భేషుగ్గా పనిచేసింది. నలుగురికీ చెప్పుకున్నాను కూడా. ఏప్రిల్ వచ్చింది. మధ్యాహ్నం ఎండలో ఆపిన కారు ఎక్కితే తెర నల్లగా ఉండేది, సాయంత్రానికి దానంతటదే వచ్చేది. ఇళ్లల్లో వాడే డిస్కుకి హద్దు 60 డిగ్రీలు. మే నెల ఎండలో, అద్దాలు మూసిన కారు డాష్‌బోర్డు లోపల ఎంత ఉంటుందో స్టీరింగ్ ముట్టుకున్నవాళ్లెవరైనా చెబుతారు. విజయవాడ వెళ్లి బీసెంట్ రోడ్డులో పనిచూసుకుని వచ్చేసరికి అది పూర్తిగా కన్నుమూసింది. కొత్త కనకదుర్గ ఫ్లైఓవర్ ఎలాగూ దానికి తెలియదు కాబట్టి దారి విషయంలో నాకు నష్టమేం జరగలేదు. పాటలే లేవు.

నకలు సీటీసీలో భద్రంగా ఉండబట్టి సరిపోయింది. ఈసారి తిరిగే భాగాలే లేని ఎస్‌ఎస్‌డీ, అదీ మామూలు రకం కాదు. మామూలు వాటి హద్దు 70 డిగ్రీలే. ఫ్యాక్టరీల కోసం చేసే 85 డిగ్రీల రకం తెప్పించారు, 128 జీబీ. పాత కారు సూదులకి సరిపడేలా మధ్యలో వేలెడంత అడాప్టరు. దాని మీద ఒక చిన్న జంపరు. అది తప్పు చోట ఉంటే కారు అసలు డిస్కు ఉన్నట్టే ఒప్పుకోదు. మేం ఒక మధ్యాహ్నమంతా ఒప్పించలేకపోయాం.

"ఎంత పెంచావు?" అని అడుగుతారు స్నేహితులు. ఏమీ పెరగలేదు. నకలంటే గోడలతో సహా నకలు. పాత ఇల్లు 80 జీబీ, కాబట్టి కారుకి 80 జీబీయే కనిపిస్తుంది. మిగతా 48 చీకట్లో ఉన్నాయి. గోడలు జరపబోతే కారు మొత్తం మొరాయించవచ్చు. ఆ సాహసం నాకొద్దు. మ్యాపు ఇప్పుడు పది సెకన్లలో తెరుచుకుంటోంది, ఆ టిక్కు టిక్కు లేదు, అది చాలు.

ఇదైనా పాత కార్ల అదృష్టమే. కొత్తవాటిలో మెమరీ చిప్పుని బోర్డుకే అతికించేస్తున్నారు, స్క్రూ విప్పి మార్చేది కాదు. ఆ చిప్పులూ అరుగుతాయి. రాసి, చెరిపి, మళ్లీ రాసే కొద్దీ. టెస్లా 2021లో అమెరికాలో లక్షా ముప్ఫై నాలుగు వేల పైచిలుకు కార్లు వెనక్కి పిలిచింది ఇందుకే. వాటి తెర వెనక 8 జీబీ చిప్పు, ఒక్కో గడిలో సుమారు 3,000 సార్లు రాయొచ్చు. కారు రోజంతా తన డైరీ తానే రాసుకుంటూ ఉంటే అవి ఐదారేళ్లలో అయిపోయాయి. తెర నల్లబడి, వెనక కెమెరా కనపడకుండా పోయింది. కారు ఇంజనుకి ఇరవై ఏళ్లు, దాని జ్ఞాపకానికి ఆరేళ్లు. ఈ లెక్క వేసినవాళ్లు కార్లు చేసేవాళ్లా, ఫోన్లు చేసేవాళ్లా అని నాకు అనుమానం.

అంతా అయ్యాక మనసు ఊరుకోలేదు. ఆ నాలుగో భాగం సీడీ డాక్టరుగారి దగ్గర ఉంటే తెప్పించుకుని, మళ్లీ ఎక్కిస్తే నకలు నిండుగా ఉంటుంది కదా. ఆర్సీ కాగితాల్లో ఉన్న నంబరుకి మొహమాటపడుతూనే ఫోన్ చేశాను. పెద్దాయన. మొదట బీమా ఏజెంటు అనుకున్నారు. సంగతి చెప్పాక కాసేపు మాట్లాడలేదు.

"సీడీలా? అవన్నీ పాత సామానువాడికి వేసేశామండీ. అన్నీ కారులో ఉన్నాయి కదా అని. ఆ తర్వాత కారే అమ్మేశాం."

కారులో ఇంకా ఉన్నాయన్నాను. పెన్‌డ్రైవ్‌లో వేసి పంపగలరా అని అడిగారు. కారు వాటిని తనకి మాత్రమే అర్థమయ్యే తీరులో రాసుకుందనీ, ఇంకెక్కడా పాడవనీ వివరించాను. అయితే గుంటూరు వైపు వచ్చినప్పుడు ఒకసారి బండి తీసుకురమ్మన్నారు. సరేనన్నాను. చెప్పకపోతే బాగుండదని, డిస్కు పాడవడం వల్ల గజేంద్రమోక్షం నాలుగో భాగంలో ఒక చోట కాస్త పోయిందని కూడా చెప్పాను.

"మొసలి పట్టుకున్న చోటేనా?" అన్నారాయన. "అది డిస్కు కాదండీ. మావాడు ఆ సీడీని నేల మీద బొంగరంలా తిప్పాడు. మేం కొన్న వారానికే అలా అయింది."