గొంతు కూడా దెబ్బలో భాగమే

జపాన్ కత్తివిద్య కెండో పోటీని మొదటిసారి చూసేవాళ్లను ఉలిక్కిపడేలా చేసేది వెదురు కత్తి కాదు, గొంతు. లోహపు జాలీ వెనక ముఖాలు సరిగా కనిపించవు. ముదురు నీలం బట్టల్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, హాలు దద్దరిల్లేలా కేకలు పెడుతుంటారు. మొరిగే కుక్క కరవదని మనవాళ్లంటారు. కేకలు వేసేవాడిలో సరుకు తక్కువన్నది మనకు చిన్నప్పటి నుంచీ ఉన్న నమ్మకం. జపాన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనీ విద్యను కొంత నేర్చుకున్నాను. ఆ కేక ఎందుకన్న ఆలోచన అప్పటి నుంచీ నన్ను వదల్లేదు. కరవలేనివాడి మొరుగుడు మాత్రం కాదది. అది లేకపోతే అక్కడ దెబ్బను దెబ్బగానే లెక్కపెట్టరు.

కెండోలో కొట్టాల్సిన చోట్లు నాలుగే. తల, ముంజేయి, నడుం పక్క, గొంతు దగ్గర పొడుపు. జపనీయులు వాటిని మెన్, కోతె, దో, త్సుకి అంటారు. ఎక్కడ కొడుతున్నారో ఆ పేరే అరుస్తూ కొట్టాలి. ఎరుపు, తెలుపు జెండాలు పట్టుకుని ముగ్గురు న్యాయనిర్ణేతలుంటారు. వాళ్లలో కనీసం ఇద్దరు జెండా ఎత్తితేనే పాయింటు. ఐదు నిమిషాల పోటీలో ముందుగా రెండు పాయింట్లు తెచ్చుకున్నవాళ్లదే గెలుపు. ఫెన్సింగులో కత్తి మొన తగలగానే దీపం వెలుగుతుంది, తగిలిందో లేదో తేలిపోతుంది. ఇక్కడ తగలడం ఒక్కటే చాలదు. నిండైన పట్టుదల, సరైన భంగిమ, కత్తి అంచు సరైన దిశలో ఉండటం, కొట్టిన తర్వాత కూడా ఏమరుపాటు లేకపోవడం, ఇవన్నీ కలిస్తేనే పాయింటు. పట్టుదలను కళ్లతో చూసి కొలవడం కష్టం. అందుకే న్యాయనిర్ణేతలు చెవులు కూడా రిక్కించి ఉంటారు.

ఇందులో నాకు బాగా నచ్చింది నిజాయితీ. వెదురు కర్ర ఎక్కడో ఒకచోట తగలడం పెద్ద విషయం కాదు, తోపులాటలో అదాటుగానైనా తగులుతుంది. తగిలిన తర్వాత ‘నేను అక్కడికే గురిపెట్టాను’ అని ఎవరైనా చెప్పుకోవచ్చు. కేక ఆ దారి మూసేస్తుంది. ‘మెన్’ అని అరిచావంటే తలను కొట్టబోతున్నావని ఫలితం తెలియకముందే నలుగురి ముందూ ఒప్పుకున్నట్టు. తప్పితే, ఏది తప్పిందో అందరికీ తెలుస్తుంది. సందు వదిలిపెట్టుకోకుండా ఒక పనికి దిగడం ఎంత కష్టమో అలా అరిచి చూస్తేగానీ తెలియదు.

శరీరం వైపు నుంచి చూసినా కేకకు పని ఉంది. ఊపిరి పీల్చుకుంటున్న క్షణంలో మనిషి కాస్త వదులవుతాడు. ఎదుటివాడు కాచుకుని ఉండేది ఆ క్షణం కోసమే. అరుస్తున్నంతసేపూ ఊపిరి బయటికి పోతుంది, పొత్తికడుపు బిగుస్తుంది, భుజాల్లో అనవసరమైన బిగువు తగ్గుతుంది. కిరికాయెషి అనే అభ్యాసం ఉంది. ముందు తల మధ్యన ఒక దెబ్బ, తర్వాత ముందుకు నాలుగు అడుగులు, వెనక్కి ఐదు అడుగులు వేస్తూ తలకు అటూ ఇటూ తొమ్మిది ఏటవాలు దెబ్బలు. ఆ తొమ్మిదింటినీ ఒక్క ఊపిరిలో, ప్రతి దెబ్బకూ ‘మెన్’ అంటూ పూర్తి చేయాలని నేర్పుతారు. సగంలో గాలి అయిపోతే చేతులూ అక్కడే ఆగిపోతాయి. ఊపిరే కత్తిని నడుపుతోందని మాటల్లో చెబితే నేను నమ్మేదాన్ని కాదు. 1961లో మిచియో ఇకాయ్, ఆర్థర్ స్టీన్‌హాస్ అనే ఇద్దరు పరిశోధకులు మోచేతిని వంచే బలం మీద ప్రయోగాలు చేశారు. మనిషి బలమంతా పెట్టేటప్పుడు గట్టిగా అరిస్తే ఆ బలం సగటున 12 శాతం దాకా పెరిగిందని తేల్చారు. కండరం అదే. మనసు దాని మీద వేసి ఉంచిన బిగింపును కేక కాసేపు సడలిస్తుందని వాళ్ల వివరణ సారాంశం.

మనసు వేసిన బిగింపు అన్నచోట నాకు నా సంగతే గుర్తొస్తుంది. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదన్న ఇంట్లో పెరిగాను. నవ్వినా మెల్లగా, పిలిచినా మెల్లగా. మా సెన్సే, అంటే గురువుగారు, డెబ్బై దాటిన పెద్దాయన. నేను కత్తి పట్టుకున్న తీరు కంటే ముందు ఆయన దిద్దింది నా గొంతునే. ‘ఇంకా’ అనేవారు, అంతే. అరిచేదాన్ని. మళ్లీ ‘ఇంకా’ అనేవారు. నా కేక గొంతులో పుట్టి గొంతులోనే ఆగిపోతోందని ఆయన ఫిర్యాదు. తన బొడ్డు కింద చెయ్యి పెట్టి చూపించేవారు, అక్కడి నుంచి రావాలని. మన సంగీతం మాస్టార్లు స్వరం నాభి నుంచి రావాలని చెప్పేది కూడా ఇదే కదా అనిపించింది. అలా అనిపించిన రోజే నాకు దారి దొరికింది. పక్క వరసలో పదేళ్ల పాప ఉండేది. కవచంలో మునిగిపోయినట్టుండేది కానీ దాని కేకకు గోడలు మోగేవి. ఎవరూ దాన్ని ఊరుకోమనలేదు. జపాన్‌లో ఆడవాళ్ల జాతీయ కెండో పోటీలు 1962 నుంచీ జరుగుతున్నాయి. ఆ పోటీల్లో ఎవరి గొంతూ చిన్నది కాదు.

అయితే కత్తివిద్యలన్నీ ఒకే తీరుగా అరవవు. సత్సుమా ప్రాంతపు జిగెన్ సంప్రదాయంలో నిలబెట్టిన మొద్దును కర్రతో బాదుతూ కోతి అరుపులాంటి పొడవైన కేక పెడతారు. మొదటి వేటుకే అంతా ఒడ్డాలి, రెండో వేటు మాటే ఉండకూడదన్నది వాళ్ల పట్టు. 1912లో రూపుదిద్దుకున్న కెండో కతల్లో, అంటే ఇద్దరు కలిసి చేసే నిర్ణీత కదలికల అభ్యాసాల్లో, ముందుగా దాడి చేసే పెద్దవాడు ‘యా’ అంటే, తిప్పికొట్టే చిన్నవాడు ‘తో’ అంటాడు. ఒర నుంచి కత్తి దూసే ఇయాయ్‌దోలో చాలా మటుకు నిశ్శబ్దమే.

కేక విషయంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది జపాన్ కత్తివీరుడు మియామోతో ముసాషి. 1645లో కన్నుమూయడానికి ముందు రాసిన గోరిన్‌నోషో అనే గ్రంథంలో ఆయన కేకను మూడుగా విడదీశాడు, ముందుది, నడిమిది, తర్వాతది. ఒకరితో ఒకరు తలపడేటప్పుడు ఎదుటివాణ్ణి కదిలించడానికి ముందు అరవాలి, ఆ వెంటనే కొట్టాలి. గెలిచాక గెలుపు చాటడానికి అరవాలి. కత్తితో పాటే పెద్దగా అరవడం ఉండదని కూడా రాశాడు. ఇప్పటి కెండో చేసేది దీనికి పూర్తిగా ఎదురు. దెబ్బా కేకా ఒకేసారి పడాలంటుంది. గెలుపు చాటుకోవడానికైతే అసలు ఒప్పుకోదు. పాయింటు వచ్చాక పిడికిలి బిగించి ఊపినా, ఎగిరి గంతేసినా వచ్చిన పాయింటు రద్దవుతుంది.

ముసాషి పొరబడ్డాడని నేననను. ఆయన రాసింది ప్రాణాలు తీసే కత్తి గురించి, కాబట్టి ఆయనకు కేక కూడా ఒక ఆయుధమే. అఖిల జపాన్ కెండో సమాఖ్య 1975లో ఈ విద్య ఉద్దేశాన్ని ప్రకటించినప్పుడు, కత్తి సూత్రాలతో మనిషి తనను తాను తీర్చిదిద్దుకోవడమని చెప్పింది. లక్ష్యం మారింది, కేక చోటూ మారింది. ఎదుటివాణ్ణి బెదరగొట్టడం కొంత ఉంటుంది, కాదనను. విస్మయం, భయం, సందేహం, తికమక అనే నాలుగింటినీ కెండోలో జబ్బులుగా చెబుతారు. ఎదుటివాడి కేక వాటిని నాలో రేపగలదు. నా కేక మాత్రం ముందు నాలోని వాటినే తరమాలి. అందుకే అరుపు ప్రధానంగా అరిచేవాళ్ల కోసమేనని నా అభిప్రాయం. ఆనందంతో వేసే కేక, అహంతో వేసే కేక దీని కిందికి రావు.

కరోనా రోజుల్లో ఈ సంగతి మరింత స్పష్టమైంది. జాలీ కింద మాస్కు, ప్లాస్టిక్ కవచం వచ్చాయి. కత్తుల పిడులు ఆనించి ఒకరినొకరు నెట్టుకునే దగ్గర అరవకూడదన్నారు. అంత భయంలోనూ కొట్టేటప్పటి కేకను మాత్రం తీసేయలేదు. తీసేస్తే మిగిలేది కర్రలాట.

మన ఊళ్లలో కెండో నేర్పే డోజోలు అరుదు, కరాటే క్లాసులు మాత్రం వీధివీధినా ఉన్నాయి. కరాటే కతల్లో కూడా ఫలానా చోట అరవాలన్న నియమం ఉంది. మీ అమ్మాయి అక్కడ సిగ్గుపడి పెదాలు మాత్రమే కదిపి వస్తుంటే, ఇంట్లో సాధన చేసుకోనివ్వండి. పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని ఆపకండి. అడిగితే, మా అమ్మాయి దెబ్బ నేర్చుకుంటోందని చెప్పండి.