జాడను బట్టి కిరణాన్ని పోల్చే విద్య

1899లో రూథర్‌ఫర్డ్ యురేనియం మీద పల్చటి అల్యూమినియం రేకులు ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయాడు. కిరణాల్లో ఒక భాగం తొలి రేకులకే ఆగిపోయింది. ఇంకో భాగం చాలా రేకులు దాటింది. మొదటిదానికి ఆల్ఫా, రెండోదానికి బీటా అని పేరు పెట్టాడు. మరుసటి ఏడాది పారిస్‌లో విలార్ వాటికంటే ఎంతో లోతుకు పోయే మూడోదాన్ని గమనించాడు. అదే గామా.

ఎంత లోతుకు పోతుందో తెలిసింది కానీ, పోయేదాన్ని ఎవరూ చూడలేదు. చూపించినవాడు స్కాట్లండ్‌కు చెందిన సి.టి.ఆర్. విల్సన్. బెన్ నెవిస్ కొండ మీద మబ్బులను చూసి ముగ్ధుడై, వాటిని ప్రయోగశాలలో పుట్టించాలనుకున్నాడు. గాజు పాత్రలోని తేమగాలిని ఒక్కసారిగా వ్యాకోచింపజేస్తే అది చల్లబడుతుంది. అప్పుడు కణం దూసుకెళ్తే, దారిపొడవునా వదిలిన అయాన్ల మీద నీటిబొట్లు కడతాయి. 1911లో ఆయన ఆ తెల్లటి గీతలను ఫొటో తీశాడు.

ఆల్ఫా గీత లావుగా, తిన్నగా ఉంటుంది. థోరియం నుంచి పుట్టిన పదార్థాన్ని పెట్టి తీసిన ఫొటోల్లో కొన్ని గీతలు గాలిలో దాదాపు 5 సెం.మీ. దగ్గర, మిగతావి 8.6 సెం.మీ. దగ్గర టక్కున ఆగిపోతాయి. పొడవును చూసి అది ఏ పరమాణువు నుంచి వచ్చిందో కూడా చెప్పొచ్చు! బీటా గీత సన్నగా, చుక్కలు చుక్కలుగా ఉండి, వేగం తగ్గేకొద్దీ మెలికలు తిరుగుతుంది. గామా సొంతంగా గీత గీయదు. అది ఊడగొట్టిన ఎలక్ట్రాన్ల గీతలే దాని ఉనికిని పట్టిస్తాయి.

జాడ లావూ, చొచ్చుకుపోయే లోతూ ఒకే లెక్కలోంచి రావడమే నాకు ఇందులో అన్నిటికంటే అందంగా తోస్తుంది. తన శక్తిని వాడుకోవడంలో, సంతలో అడుగుపెట్టగానే సొమ్మంతా ఖర్చుచేసేవాడిలాంటిది ఆల్ఫా. పోలోనియం నుంచి వచ్చే ఆల్ఫా కణం 4 సెం.మీ. గాలి దాటేలోపే సుమారు లక్షన్నర అయాన్ జంటలను పుట్టించి చతికిలపడుతుంది. అందుకే గీత అంత లావు, దాన్ని ఆపడానికి కాగితం ముక్క చాలు. బీటాకు కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం కావాలి. గామాకైతే ఇక్కడ ఆగుతుందనే హద్దు లేదు. కోబాల్ట్-60 గామా సగానికి తగ్గడానికే 1.2 సెం.మీ. సీసం పడుతుంది. ఆల్ఫా కాగితానికి ఆగిపోతుందని చెప్పి ఊరుకోకూడదు. ఊపిరితో లోపలికి పోతే, ఆ ఖర్చంతా మెత్తటి కణజాలంలోనే జరుగుతుంది.

గీతలు చదవడంలో ఓర్పు అంటే ఏమిటో కేంబ్రిడ్జ్‌లో బ్లాకెట్ చూపించాడు. నైట్రోజన్‌లోకి ఆల్ఫా కణాలను పంపి సుమారు 23,000 ఫొటోలు తీశాడు. వాటిలో దాదాపు నాలుగు లక్షల గీతలున్నాయి. ఎనిమిది మాత్రం విచిత్రంగా ఉన్నాయి. లావు గీత ఉన్నట్టుండి రెండు కొమ్మలుగా చీలింది: ఒకటి సన్నగా, పొడవుగా. మరొకటి లావుగా, పొట్టిగా. సన్నది ప్రోటాన్, పొట్టిది బరువైన కేంద్రకం. ఆల్ఫా తన దారిన తాను పోయి ఉంటే మూడో కొమ్మ కనిపించాలి, కనిపించలేదు. అంటే అది నైట్రోజన్‌లోనే కలిసిపోయింది. నైట్రోజన్ ఆక్సిజన్‌గా మారుతోందని 1925లో రుజువు చేసినవి ఆ ఎనిమిది చీలికలే.