వంకను చదివే పళ్లెం

కడప ఊరి నడుమ పారి పెన్నలో కలిసే బుగ్గవంక పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది వరద. 2001లో ఇళ్లు ముంచింది. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు మళ్లీ వీధుల్లోకి వచ్చింది. వంక వెంట కట్టిన రక్షణ గోడలు ఆ భయంలోంచి లేచినవే. కానీ వరద పోయాక కూడా వంకకు ఒక బతుకుంటుంది. ఇలాంటి వంక ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చడానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక పద్ధతిని కూర్చింది. నీటి అడుగున బతికే పురుగుల్ని, నత్తల్ని, జలగల్ని చూసి నీటి గుణం చెప్పే పద్ధతి అది. ఆ కూర్పులో గొప్ప పనితనం ఉంది.

రసాయన పరీక్షలు అక్కర్లేదని కాదు. వాటిలోనూ మన నేలకు తగిన నేర్పుంది. నీటిలోని మురికిని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పేది బీఓడీ పరీక్ష. చల్లని దేశాల్లో దీన్ని 20 డిగ్రీల వద్ద 5 రోజులు చేస్తారు. భారత ప్రమాణం 27 డిగ్రీల వద్ద 3 రోజులకు మార్చుకుంది. అయితే సీసాలో పట్టిన నీరు ఆ గడియ సంగతే చెబుతుంది. పాచి పట్టిన మడుగులో మధ్యాహ్నం ఎండకు ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. తెల్లవారుజామున అదే మడుగులో చేపలు ఊపిరాడక పైకి తేలవచ్చు. మధ్యాహ్నం పట్టిన సీసాకు రాత్రి సంగతి తెలియదు. పురుగుకు తెలుసు. వారాలు, నెలలు ఆ రాళ్ల కిందే బతికిన ప్రాణి ప్రతి రాత్రినీ దాటుకుని వచ్చింది.

వలను పారే నీటికి ఎదురుగా పట్టి, దాని ముందు అడుగును కాలితో కలబెడతారు. రాళ్లెత్తి కడుగుతారు, తుంగ వేళ్లను దులుపుతారు. వలలో పడ్డదాన్ని తెల్లటి పళ్లెంలో కాసిన్ని నీళ్లలో వేసి ఆగుతారు. మట్టి అడుగంటాక ప్రాణులు కదలడం కనబడుతుంది.

అప్పుడు రెండు లెక్కలు. మొదటిది కుటుంబాల లెక్క. 1976లో బ్రిటన్‌లో ఏర్పడిన నిపుణుల బృందం వేసిన దారిని మన మండలి మన నీళ్లకు అనువుగా మలచుకుంది. తేటనీటిలో మాత్రమే బతకగల కొన్ని మేఫ్లై పురుగుల కుటుంబాలకు 10 మార్కులు. ఎర్రటి కైరోనమిడ్ పురుగుకు 2. దాని ఒంట్లోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ అరుదైన బురదలోనూ దాన్ని బతికిస్తుంది. బురదలో మెలికలు తిరిగే సన్నటి వానపాము జాతికి 1. దొరికిన కుటుంబాల మార్కులన్నీ కూడి సగటు తీస్తారు. ఒక కుటుంబం నుంచి ఒక్కటే దొరికినా, నూరు దొరికినా మార్కు ఒకటే.

రెండో లెక్క నన్ను మరీ ముగ్ధుణ్ణి చేస్తుంది. జీవశాస్త్రం చదవనివాళ్లూ చేయగలగాలని అమెరికాలో జాన్ కెయిర్న్స్, ఆయన సహచరులు 1968లో ప్రకటించిన ఉపాయం దీనికి మూలం. పళ్లెంలోని ప్రాణుల్ని ఒక్కొక్కటిగా చూస్తూ ఒకే ప్రశ్న వేసుకోవాలి: ఇది సరిగ్గా దీని ముందు చూసినదాని లాంటిదేనా, వేరా? వేరైన ప్రతిసారీ కొత్త వరుస మొదలైనట్టు. పది ప్రాణుల్లో ఎర్ర పురుగు, ఎర్ర పురుగు, తూనీగ పిల్ల, నత్త, నత్త, ఎర్ర పురుగు, తూనీగ పిల్ల, తూనీగ పిల్ల, జలగ, ఎర్ర పురుగు వచ్చాయనుకోండి. ఏడు వరుసలు, పదితో భాగిస్తే 0.7. పదీ ఎర్ర పురుగులే అయితే ఒకే వరుస, 0.1. పేరు తెలియనక్కర్లేదు. తేడా పట్టే కన్ను చాలు.

ఈ రెండింటినీ జోడించి నీటిని ఐదు తరగతులు చేశారు. సగటు 7, ఆపైన ఉంటే శుభ్రమైన నీరు. అక్కడ రెండో లెక్క చెప్పే వైవిధ్యం 0.2 నుంచి 1 దాకా ఎంతైనా ఉండొచ్చు. కొద్దిగా కలుషితమైన తరగతిలో మాత్రం అది 0.5కు తగ్గకూడదు. పోషకాలు తక్కువున్న స్వచ్ఛమైన ఊటనీటిలో సహజంగానే కొద్ది రకాలే ఉండవచ్చు. కూర్చినవాళ్లు ఆ పేదరికాన్ని తప్పుపట్టలేదు. నీటిని ఎరిగినవాళ్ల కొలత ఇది.

ఏడాదికి దాదాపు 700 మిల్లీమీటర్ల వాన పడే సీమలో ఈ పళ్లెం వాడేవాళ్లకు ఇంకో నేర్పు కావాలి. ఇక్కడ వంక ఎండడం దానంతట అదే జబ్బు కాదు. నడి ఎండాకాలంలో ఊరి దిగువన నల్లగా పారే వంకనే ముందు అనుమానించాలి. ఆ పారేది ఇళ్ల మురుగు కావచ్చు. కాబట్టి వానలు తగ్గి, వరద కడిగేసిన అడుగులో ప్రాణులు మళ్లీ కుదురుకున్నాక వల వేయాలి. ఊరికి ఎగువన, ఊరి నడుమ, పెన్నలో కలిసేముందు ఒకే తీరున చూడాలి. ఎగువన జలాశయం ఉంది గనుక నీళ్లు ఎప్పుడు వదిలారో కూడా రాసుకోవాలి. కర్నూలులో తుంగభద్రలో కలిసే హంద్రీకీ ఇదే వరస.

వల, పళ్లెం, ఓపిక: కావలసింది ఇంతే. కడపలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, బడులున్నాయి. ఏటా అవే చోట్ల పిల్లలు ఈ లెక్క తీస్తే, ఏ కాలువ కలిసిన చోట వంక మార్కు పడిపోతోందో తెలుస్తుంది. మురుగుశుద్ధికి పెట్టే మొదటి రూపాయి ఆ కాలువ దగ్గరే పెట్టాలి.