‘మత్స్యవిశేషము’: ఒక టీకావిచారము

మత్స్యములను జంపువానికిఁ జెల్లు పదములను పాణిని 4-4-35వ సూత్రము సాధించుచున్నది. కాశికావృత్తి యందు మాత్స్యికునితోపాటు శాకులికుని నుదాహరించినది. శకులమన నేమి? మన టీకలు ‘మత్స్యవిశేషము’ అని యూరకుండును. నేనును ముప్పదియేండ్లు బాలురకట్లే చెప్పితిని. ఇది యర్థము గాదు; తెలియమికి ముసుఁగు.

వంగభాషలో ‘శోల్’ అను మీనిపేరు శకులశబ్దమునుండి పుట్టినది. ఆ మీను మన కొఱ్ఱమీనే. మద్దిలేరు పాఱు ముదిగుబ్బసీమలో ఏండ్లతరబడి గాలము వేసిన పెద్దలకు దీని స్వభావము కరతలామలకము. ఇది నీటిపైకి వచ్చి గాలి పీల్చును. కప్పపిల్లను ఎరగాఁ గ్రుచ్చిన నందుకొనును. తన పిల్లలను గాచుకొనును. చెఱువింకినను తడిబురదలోఁ గొంతకాలము బ్రదుకును. వానలు తప్పు సీమలో నీ గుణమే దాని యాయువు.

సూత్రము వేఁటకానిని హంతగా మాత్రమే యెఱుఁగును. కాని యా హంతకుఁ దెలిసిన ప్రాణిని వ్యాఖ్యాత యెఱుఁగఁడు. శాకులికపదమునకు రూపసిద్ధిఁ జెప్పి శకులము నెఱుఁగకుండుట సగము వ్యాకరణమే. కావున ఇకముందు టీకలలో ‘కొఱ్ఱమీను’ అని వ్రాసి, గాలము వేయువారినడిగి లక్షణములు చేర్పవలయును. లేనిచో చెఱువుగట్టున నాడుకొను బాలుఁడు తానెఱిఁగిన మీనినే బడిలో నెఱుఁగనిదానిగా వల్లించును.